కొమ్ములు ఆఖరి పడవలో

"తలకాయ మాత్రం తేవద్దు. తెచ్చారో, తీసుకెళ్లి ఏట్లో పారేస్తా," అంది మా అత్త హెస్టర్.

పడవలో పెట్రోలు డబ్బాలు సర్దుతున్న మా ఆయన ఫేబియన్ తల ఎత్తలేదు. నేనే ఉండబట్టలేకపోయాను.

"దుప్పి ఇంకా అడవిలో హాయిగా ఆకులు నములుతోందత్తా. అప్పుడే దాని తలకాయ మీద తగువెందుకు?"

"తగువు కాదు, చెప్తున్నా."

చెప్పి వసారాలోంచి వెనక్కి తిరిగి లోపలికి పోయింది. చలికాలంలో మంచు మీద జారిపడ్డాక ఆవిడ ఆ వసారా దాటలేదు. ఎముక అతుక్కుని నెలలయింది. కాళ్లు బాగానే ఉన్నాయి, నడిపించండి అని క్లినిక్ అమ్మాయి మొత్తుకుంటూనే ఉంది. నడవాలన్న మనసు ఉండాలి కదా! కిటికీ దగ్గర కూర్చుని నదిని చూడ్డం, పెట్టింది కెలికి వదిలేయడం, అంతే. ఎండుచేప పెట్టినా అంతే, సూపు పెట్టినా అంతే. నేను చెయ్యి తిరిగిన వంటగత్తెను కాకపోవచ్చు గాని, మరీ అంత అన్యాయంగా వండను.

ఈ తంటా అంతా ఒక తలకాయతో మొదలైంది. మా ఇంట్లో ఆచారం ఒకటుంది. దుప్పి పడితే దాని తల ముందుగా ఇల్లు చేరాలి. ఇంటి పెద్దావిడ దాని మీద మొదటి కత్తి పెట్టాలి. ఆవిడ పెట్టేదాకా వేటాడినవాడు కూడా ఒక్క ముక్క నోట్లో వేసుకోకూడదు. మా అలాస్కా చట్టం దీనికి సరిగ్గా ఎదురు తిరిగి కూర్చుంది. మాంసం చివరి ముక్కదాకా అడవి దాటితేగాని కొమ్ములు కదలకూడదంటుంది. కొమ్ముల షోకు కోసం కాల్చి, మాంసం కుళ్లబెట్టి పోయే పెద్దమనుషుల కోసం పెట్టిన చట్టం అది. మంచి చట్టమే. కాకపోతే కొమ్ములు ఉండేది తలమీదే కదా!

రెండేళ్ల క్రితం మా ఆయన ఎప్పట్లాగే తలను మొదటి పడవలో వేసుకుని అమ్మ దగ్గరికి బయల్దేరాడు. నది వంపులో వేట పోలీసు ఆపాడు. తల పోయింది, తుపాకీ పోయింది, రెండు సీజన్లు వేట బందు అన్నారు. ఆ రెండేళ్లూ పక్కవాళ్లు పెట్టిన మాంసం తిన్నాం. పెట్టినవాళ్లెవరూ ఒక్క మాట అనలేదు గాని, మా అత్తకు ఆ ముద్దలు గొంతు దిగలేదు.

"నా జిహ్వ కోసం నా కొడుకు దొంగయ్యాడు," అని ఒకసారి అంది. ఇంకోసారి అనలేదు. ఆ తర్వాతే ఫెయిర్‌బ్యాంక్స్‌లో ఉండే మా ఆడపడుచు జెర్ట్రూడ్ ఫోన్లో పెద్దవాళ్ల ఆశ్రమం ఊసెత్తితే, సరే, నా పేరు ఇచ్చేయ్ అంది. ఎవరూ బలవంతపెట్టలేదు. తనే ఒప్పుకుంది. నది గడ్డకట్టేలోపు గది ఖాళీ అవుతుందన్నారు.

నాకది సుతరామూ ఇష్టం లేదు. ఈ ఇంటికి వచ్చిన కొత్తలో చేపను ఏ వైపునుంచి కోయాలో కూడా తెలీని దాన్ని. తిట్టి తిట్టి నేర్పింది. ఇప్పుడు తిట్టడం కూడా మానేసింది. తిట్టని అత్త ఇంట్లో ఉంటే ఎంత దిగులుగా ఉంటుందో, అనుభవిస్తేగాని తెలీదు.

ఆ సెప్టెంబరులో వేట మళ్లీ తెరుచుకుంది. మా ఆయన, నేను, మా మరిది సైలస్ పడవెక్కాం. సైలస్ మా అత్త చెల్లెలి కొడుకు. వేటలో దిట్ట, నోరు మాత్రం ఒక్క నిమిషం ఊరుకోదు.

ఊరికి రెండు గంటల దూరంలో, నదిలోంచి చీలిన ఒక పాయ దగ్గర దిగాం. బర్చ్ చెట్ల ఆకులన్నీ పసుపు రంగుకి తిరిగాయి. సైలస్ ఎండిన జబ్బ ఎముకతో చెట్టు బెరడును బరబరా గీకాడు, మరో పోతు వచ్చి కొమ్ములు రుద్దుతున్నట్టు. రెండోరోజు మధ్యాహ్నానికి ఆ చప్పుడు మీద రోషం వచ్చి పొదల్లోంచి బయటికొచ్చింది ఒక పోతు. అబ్బో, ఏం పోతు! ఫేబియన్ ఒక్క గుండుతో పడగొట్టాడు. దగ్గరికి వెళ్లి దాని మెడ మీద చెయ్యి వేసి, ఇంటి పద్ధతిలో నాలుగు మాటలు చెప్పుకున్నాడు. లేచేసరికి కళ్లు తడిగా ఉన్నాయి. నేను చూడనట్టు చొక్కా చేతులు మడుచుకుని పనిలో పడ్డాను.

పొట్ట చీల్చి పేగులు తీశాం. తోలు ఒలిచాం. తొడలు, జబ్బలు, పక్కటెముకలు విడదీసి, నేల తగలకుండా విల్లో కొమ్మలు పరిచి వాటి మీద ఆరబెట్టాం. ఆ రెండేళ్లూ మా ఆయనకి వేట లేదు గాని, వేట నియమాలు మాత్రం కంఠతా వచ్చేశాయి. కత్తి పట్టుకున్నప్పట్నుంచి ఒకటే జపం.

"ఎముక నుంచి మాంసం ఊడదీయొద్దు. ఇల్లు చేరేదాకా ఎముకతోనే ఉండాలి. పుర్రె కోయొద్దు. కొమ్ములు దాన్నుంచి విడదీయొద్దు, వెడల్పు కొలుస్తారు. సైలసూ, ఆ వెనక తొడ జాగ్రత్త. అది కోయొద్దు."

"అదంటే ఏదన్నా?"

"అదేరా."

"ఏదో చెప్పు. నాకు తెలీక కోసేస్తానేమో."

"నీకూ ఉందిగా, అది!" అని నేను అనేసరికి ఇద్దరూ నోళ్లు మూశారు. మగదని రుజువు తొడకు అంటుకునే ఉండాలి, అదీ రూలు. నెత్తిమీద అంతేసి కొమ్ములున్నా అవి రుజువు కావట. రాసినాయన ఏ లోకంలో ఉండి రాశాడో.

పాయలో నీళ్లు తక్కువ. బరువెక్కువైతే పడవ నేలకు తడుతుంది. మూడు విడతలు పడుతుందని తేలింది. సైలస్ తల వంక చూశాడు.

"అన్నా, ఇక్కడ పిట్ట కూడా లేదు. తల ముందేసుకెళ్లి పెద్దమ్మ ముందు పెడదాం."

"కుదర్దు."

"పోనీ పుర్రె ముట్టుకోకుండా నాలుక, ముక్కు, దవడ మాంసం ఇక్కడే కోసి పంపుదాం. అది మాంసమేగా. చట్టం కూడా ఏమనదు."

"అమ్మ కత్తి పెట్టకుండా?"

"ఆవిడ తేవద్దందిగా!"

"అనేది అంటుంది."

"అయితే ఏం చేద్దామంటావ్? ఇటు చట్టం కదలనివ్వదు, అటు ఆచారం కోయనివ్వదు. తలకాయను ఇక్కడే కాపురం పెట్టిద్దామా?"

ఫేబియన్ రెండూ ఒప్పుకోలేదు. ఎలుగుబంట్లు రాకుండా తుపాకీతో తను కాపలా ఉంటానన్నాడు. మేమిద్దరం మొదటి విడత మాంసం వేసుకుని బయల్దేరుతుంటే, గుండెకాయ చిన్న ముక్క కాల్చుకుని తినమన్నాను. వద్దన్నాడు. పొద్దుట్నుంచి గట్టి బిస్కట్లు, టీ తప్ప ఏమీ తీసుకోలేదు. అంత మాంసం పక్కన పెట్టుకుని పస్తు కూర్చున్న మనిషిని చూస్తే నాకు ఒళ్లు మండింది, జాలీ వేసింది.

ఇల్లు చేరేసరికి ఇంకా వెలుగుంది. అత్త వసారాలో నిలబడి ఉంది. మేం మూటలు ఒక్కొక్కటే పైకి మోస్తుంటే కళ్లతోనే పడవంతా వెతికింది. నేను గమనించాను. తలకాయ తేవద్దన్న మనిషి వెతికింది తలకాయ కోసమే.

"మంచి కొవ్వు పట్టింది," అంది తొడ మీద వేలితో నొక్కి. వేలు తుడుచుకుంటూ, "మిగతాది?" అంది.

"అక్కడే ఉంది. తల ఆఖరి పడవలో వస్తుంది. ఈసారి చట్టం తప్పడం లేదు మీ అబ్బాయి."

"మంచిదే."

"నువ్వు కత్తి పెట్టలేదని తిండి మానేసి కూర్చున్నాడు."

అత్త నా మొహంలోకి చూసింది. "ఏమీ తినలేదా?"

"బిస్కట్లు."

"పిచ్చివెధవ. ఆ తలకాయ కోసం ఒకసారి పోలీసుకి చిక్కాడు, ఇప్పుడు ఆకలికి చస్తాడా? తినమని చెప్పకపోయావా?"

"చెప్పా. నీ కొడుకు కదా, ఎవరి మాట వింటాడు?"

 ఆ రాత్రి నేను వండిన పక్కటెముకల సూపును ఆవిడ ఎప్పట్లాగే కెలికి, నెమ్మదిగా పక్కకు నెట్టేసింది. ఈసారి నాకు కోపం రాలేదు. కొడుకు తినలేదు కాబట్టి ఆవిడా తినదు. ఇద్దరికిద్దరూ ఒక్క అచ్చులోంచి దిగారు.

తెల్లారి నేనూ సైలసూ ఖాళీ పడవ దగ్గరికి దిగేసరికి, ఆవిడ అప్పటికే ఒడ్డున ఉంది. రబ్బరు బూట్లు, తలకు రుమాలు, మావయ్య పాత కోటు. పక్కన బోర్లించిన బకెట్టు, దాని మీద గుడ్డలో చుట్టిన కత్తి. వసారా మెట్లు ఎలా దిగిందో, ఆ గట్టు ఎలా దాటిందో మాకు తెలీదు. మమ్మల్ని పిలవనైనా లేదు.

"అత్తా! ఏంటిది?"

"తల నా దగ్గరికి రాకూడదని చట్టంలో ఉంది. నేను తల దగ్గరికి పోకూడదని ఉందా?"

 సైలస్ గొంతు సవరించుకున్నాడు.

"అది లేదు పెద్దమ్మా. కాకపోతే పడవలో వేసుకెళ్తే, వేటకి కట్టినట్టు నీకూ ఒక పర్మిట్ ట్యాగు కట్టాలేమో."

"నీ మూతికి కడతా ట్యాగు. చెయ్యి పట్టుకో, ఎక్కించు."

ఎక్కించడం మాటలు కాలేదు. నేను వెనకనుంచి నెట్టాను, సైలస్ ముందునుంచి లాగాడు, ఆవిడ ఇద్దర్నీ తిట్టింది. బకెట్టు మీద కూర్చోబెట్టి దుప్పటి కప్పాం. పడవ కదిలి గాలి మొహానికి కొట్టగానే కళ్లు మూసుకుంది. చలికి వణుకుతోందేమోనని కంగారుపడి వంగి చూశాను. లేదు, హాయిగా ఉంది.

పాయలోకి తిరగ్గానే దిబ్బ మీద ఫేబియన్ కనిపించాడు. పడవలో ఎవరున్నారో పోల్చుకోవడానికి అతనికి కాస్త సమయం పట్టింది. పోల్చుకున్నాక బూట్లతోనే నీళ్లలోకి దిగి, ఏమీ అడక్కుండా అమ్మను రెండు చేతులా ఎత్తి ఒడ్డున దించాడు.

"దించరా, నేనేం మాంసం మూటనా?" అంది గాని, అతని భుజం మీది చెయ్యి వెంటనే తీయలేదు.

తల దగ్గర బకెట్టు వేయించుకుని కూర్చుంది. ముందు దాని చెంప నిమిరింది, ఏదో గొణిగింది. తర్వాత కత్తి పెట్టింది. పుర్రెకు గీత పడకుండా, కొమ్ముల మొదలు కదలకుండా, మొహం తోలు వెనక్కి మడిచి ముక్కు తీసింది. దవడల మాంసం తీసింది. కింది నుంచి నాలుక లాగింది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "చూడు, నేను లేనప్పుడు నువ్వే చెయ్యాలి," అంది. నేను వినబడనట్టు లేచి మంట రాజేశాను. మంట మీద మొదటి ముక్క కాలగానే దాన్ని కొడుకు నోట్లో పెట్టింది. అతను వేడికి ఊదుకుంటూ నమిలాడు. తర్వాత తనూ ఒక ముక్క తీసుకుంది. నేను లెక్కపెట్టలేదు గాని, చాలాసేపు ఆవిడ దవడ ఆగలేదు.

సైలస్ రెండో విడత వేసుకుని ఊరికి బయల్దేరాడు. ఆవిడ లేచి, మేం ఆరబెట్టినవన్నీ ఒక్కొక్కటే తనిఖీ చేసింది. ఇది ఇలా కోస్తారా, అది అలా పడేస్తారా అని వరసపెట్టి చీవాట్లు మొదలెట్టింది. నాకు అమృతం తాగినట్టుంది. ఇంతలో మిగిలిన వెనక తొడ దగ్గర ఆగింది.

"ఛీ ఛీ! ఇదేంటిది, దీన్నిలా వదిలేశారు? ఎవరు కోసింది? శుభ్రం చెయ్యకుండా ఊళ్లోకి తీసుకెళ్తారా, సిగ్గులేకుండా?" అంటూ కత్తి ఎత్తింది.

"అత్తా, వద్దు!" నేను పరుగెత్తి ఆ చెయ్యి పట్టుకున్నాను. "కోయకు! అది సాక్ష్యం!"

"ఏంటి సాక్ష్యం?"

"మగదని."

ఆవిడ ఒకసారి ఆ తొడ వంక, ఒకసారి అల్లంత దూరాన చెట్టు కొమ్మల్లా విచ్చుకున్న కొమ్ముల వంక చూసింది. "వాటిని చూస్తే తెలీదా?"

"తెలీదంట. ఇదే కావాలంట."

"ఎవరికి కావాలంట?"

"పోలీసుకి."

మొదట భుజాలు కదిలాయి. తర్వాత పొట్ట. తర్వాత బకెట్టు మీద కూలబడి, కళ్లలో నీళ్లు కారేదాకా నవ్వింది. నేనూ నవ్వాను. ఫేబియన్ అవతలికి తిరిగి, కట్టెలు సర్దే వంకతో ఒళ్లు ఊగిపోతూ నవ్వాడు. ఆ నవ్వు మా ఇంట్లో విని ఎన్నాళ్లయిందో.

పిలిచినట్టే వచ్చాడు వేట పోలీసు. కుర్రవాడు, ఈ ప్రాంతానికి కొత్త. పడవ ఒడ్డుకు తగలగానే ఫేబియన్ మొహం పాలిపోయింది. తప్పేమీ లేదని తెలుసు. అయినా ఒకసారి దెబ్బ తిన్న మనిషి.

ఆ అబ్బాయి లైసెన్సు చూశాడు, ట్యాగు చూశాడు. కొమ్ములకు అడ్డంగా టేపు పట్టి కొలిచాడు. దారిలో సైలస్ పడవ ఆపి చూశానని, ఇంట్లో ఏమేం ఉన్నాయో అతను చెప్పాడని, ఇక్కడ ఉన్నవి దానికి సరిపోయాయని అన్నాడు. తర్వాత తొడ వైపు నడిచాడు.

"బాగా చూసుకో నాయనా," అంది అత్త గడ్డంతో అటు చూపిస్తూ. "నీ కోసమే ఉంచాం."

పాపం, ఆ అబ్బాయి మొహం చెవులదాకా ఎర్రబడింది. "అంతా సరిగ్గా ఉందమ్మా," అన్నాడు.

అక్కడితో వెళ్లిపోయేవాడే. మా అత్త వదల్లేదు.

"రెండేళ్ల కింద మీవాళ్లు ఒక తలకాయ పట్టుకుపోయారు. నాదే. దాన్నేం చేశారు?"

"అమ్మా, ఇప్పుడెందుకు?" అన్నాడు ఫేబియన్.

"నువ్వూరుకో. పారేశారా? కుక్కలకేశారా? ఎవరైనా తిన్నారా?"

అప్పుడర్థమైంది నాకు. ఇన్నాళ్లూ మేం ఆవిడది అవమానమనుకున్నాం, కొడుకు మీద దిగులనుకున్నాం. అవీ ఉన్నాయి. కాని ఆవిడను లోపల్నుంచి తినేసింది ఇది. ఆవిడ కోసం బయల్దేరిన తల, ఎవరి నోటికీ అందకుండా ఏ చెత్తలోనో పడిందేమోనని. అలా వృథా అయిపోతే, దాన్నిచ్చిన అడవికి మొహం ఎలా చూపిస్తానని.

ఆ అబ్బాయి టోపీ తీశాడు. "అప్పుడు నేనిక్కడ లేనమ్మా. కాని మావాళ్లు మాంసం పారెయ్యరు. అలా పట్టుకున్నవి పెద్దవాళ్లకో, చర్చి వంటింటికో పంపేస్తారు. తల కూడా. తినేవాళ్లు వెతుక్కుని మరీ వచ్చి తీసుకుంటారు."

నిజంగా తెలిసి చెప్పాడో, ముసలావిడ మొహం చూసి చెప్పాడో నేను చెప్పలేను.

"ఎవరో ఒకరు తిన్నారన్నమాట," అంది అత్త.

"తినే ఉంటారమ్మా."

"అయితే సరే." దవడ మాంసం ఒక ముక్క ఆకులో పెట్టి అతని చేతికిచ్చింది. డ్యూటీలో ఉన్నానని నసిగాడు. "నమలడానికి కూడా లైసెన్సు కావాలా?" అంది. నిలబడే తిన్నాడు.

సైలస్ తిరిగొచ్చాక మిగిలిన మాంసం, తోలు ఎక్కించాం. అన్నిటికంటే పైన, అందరికంటే ఆఖరున, కొమ్ములతో పుర్రె ఎక్కింది. ఊరు చేరేసరికి ఒడ్డున ఉన్నవాళ్లంతా కొమ్ముల్ని చూసి ఈలలు వేశారు. మా అత్త వాటి వంక కూడా చూడలేదు. మాంసం మూటల మీద తడిగుడ్డ పడుతోంది, జాగ్రత్త అని అరుస్తోంది.

ఆ వారమంతా ఇల్లు కబేళాలా ఉంది. ముక్కలు కోసి పొగ పెట్టడం, పక్కవాళ్లకి రెండేళ్ల బాకీ వాటాలు పంచడం, తోలు గీకడం. నేను పనిలో మునిగినా, మనసులో ఒక మూల భయం ఉండనే ఉంది. జెర్ట్రూడ్ ఫోన్ రానే వచ్చింది. అత్త రెండు చేతులూ మోచేతిదాకా కొవ్వులో ఉన్నాయి. ఫోన్ నేనే ఆవిడ చెవి దగ్గర పట్టుకున్నాను. జెర్ట్రూడ్ గొంతు నాకూ వినబడుతోంది.

"అమ్మా, గది ఖాళీ అయింది. శుక్రవారం విమానంలో సీటు తీసుకున్నాను. బట్టలు సర్దుకో."

 అత్త తోలు గీకడం ఆపలేదు.

"ఆ గది ఎవరికైనా కావలసినవాళ్లకి ఇచ్చెయ్యమను. నాకు పనుంది."

"ఏం పని?"

"తోలుంది. ఇంకా పొగ పెట్టాలి. ఆల్మాకి ఒక్కపనీ సరిగ్గా రాదు." ఆల్మా అంటే నేనే. నా కళ్లు నిండిపోయాయి. చేతిలో ఫోన్ ఉండబట్టి తుడుచుకోలేకపోయాను.

 వదిన కోప్పడుతుందనుకున్నాను. నెలల తరబడి తిరిగి సంపాదించిన గది మరి. అటునుంచి వచ్చిన గొంతులో మాత్రం కోపం లేదు.

"ముక్కు వండావా అమ్మా?"

"వండాను."

"నేను తిని ఏడేళ్లయింది." ఊపిరి పీల్చిన చప్పుడు వినబడింది. "ఎవరితోనైనా కొంచెం పంపిస్తావా? ఇక్కడ సాయంత్రాలు ఒక్కదాన్నే..." 

మా అత్త గీకడం ఆపింది. ఫోన్‌కి ఇంకా దగ్గరగా వంగింది.

"పంపను. వచ్చి తిను. నీకిక్కడ గదుందే, పిచ్చి పిల్లా."

శుక్రవారం విమానంలో మా ఊరినుంచి ఎవరూ ఎక్కలేదు. దిగింది మాత్రం మా వదిన, చిన్న సంచీతో, కళ్లు వాచిపోయి. అత్త నా చెయ్యి విడిపించుకుని ఎదురెళ్లింది. కూతుర్ని ఆ చెంపా ఈ చెంపా తడిమి చూసి, "ఎంత చిక్కిపోయావే, నీకెవరూ పెట్టడం లేదా?" అని అడిగింది.